శాటిలైట్ యాంటెన్నా రొటేటర్: లోపాన్ని వెతకడం, దిక్కును సరిచేయడం

కంప్యూటర్ తెర మీద అజిమత్ (ఉత్తరం నుంచి కుడిగా కొలిచే దిక్కు కోణం) 135, ఎలివేషన్ (దిగంతం నుంచి కొలిచే ఎత్తు కోణం) 40 అని ఉంటుంది. యాంటెన్నాను తిప్పే మోటారు రొటేటర్ అయితే, గదిలో ఉండి దాన్ని నడిపే పెట్టె కంట్రోలర్. ఆ కంట్రోలర్ ముల్లు కూడా అదే చూపుతుంది. రేడియోలో మాత్రం సిగ్నల్ ఉండదు. డాబా ఎక్కి చూస్తే ఆగ్నేయం వైపు ఉండాల్సిన యాంటెన్నా నేరుగా దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఉపగ్రహాలతో మాట్లాడే హ్యాములలో, అంటే అభిరుచితో రేడియో స్టేషన్ నడిపేవారిలో, చాలామందికి ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అలాంటప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ (కోణానికి కలిపే దిద్దుబాటు) అంకె ఒకటి కొట్టి ఆ పూటకు గండం గట్టెక్కిస్తారు. ఆ అలవాటును మాన్పించాలన్నదే నా పట్టుదల. రొటేటర్ వ్యవస్థలో మూడు అంచెలున్నాయి: మాస్ట్ (నిలువు గొట్టం) మీద బిగించిన యాంటెన్నా, రొటేటర్‌తో పాటు దాని కంట్రోలర్, ఆపైన కంప్యూటర్. ఒక్కో అంచెకు ఒక్కో సున్నా ఉంటుంది. ఏ అంచెలో పుట్టిన తప్పును ఆ అంచెలోనే దిద్దాలి. మాస్ట్‌ను పట్టి ఉంచే క్లాంపు జారితే సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకున్న స్టేషన్ రెండో గాలివానకు ఎవరికీ అంతుపట్టని స్థితికి చేరుతుంది.

ఉదాహరణలన్నీ యేసు (Yaesu) అనే జపాన్ కంపెనీ రొటేటర్ జీ-5500ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన దగ్గర ఉపగ్రహాల పనికి ఎక్కువగా వినిపించే పేరు అదే. అజిమత్‌లో 0 నుంచి 450 డిగ్రీలు, ఎలివేషన్‌లో 0 నుంచి 180 డిగ్రీలు తిరుగుతుంది. ఆర్డుయినోతో (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డుతో) సొంతంగా తయారు చేసుకున్న కంట్రోలర్లకూ పద్ధతి ఇదే. ఊరు చెన్నై. ఇక్కడి ఉప్పుగాలి, ఇక్కడి ఎండ రెండూ ఈ పనిలో పాలుపంచుకుంటాయి.

ఎంత కచ్చితత్వం సరిపోతుంది

పని మొదలుపెట్టే ముందే ఇది తేల్చుకోకపోతే అర డిగ్రీ కోసం రోజంతా ఎండలో నిలబడాల్సి వస్తుంది. లెక్క సులువు. తప్పిన కోణాన్ని యాంటెన్నా బీమ్ వెడల్పుతో (సిగ్నల్ శక్తి సగానికి పడిపోయే రెండు అంచుల మధ్య కోణంతో) భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 12తో గుణిస్తే ఎన్ని డెసిబెల్స్ (సిగ్నల్ బలం కొలమానం) పోయాయో సుమారుగా తెలుస్తుంది. 70 సెంటీమీటర్ల బ్యాండులో 12-15 ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ యాంటెన్నాకు బీమ్ దాదాపు 30 డిగ్రీలు. అందులో 5 డిగ్రీలు తప్పితే పోయేది డెసిబెల్‌లో మూడో వంతు మాత్రమే. 10 డిగ్రీలు తప్పితే 1.3 డెసిబెల్స్, 15 తప్పితే 3 డెసిబెల్స్. 2 మీటర్ల బ్యాండు యాగీకి బీమ్ ఇంకా వెడల్పు కాబట్టి అక్కడ నష్టం మరీ తక్కువ. కాబట్టి యాగీలకు 3 డిగ్రీల లోపు వస్తే సంతృప్తి పడవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 60 సెంటీమీటర్ల డిష్ పెట్టినవారి సంగతి వేరు. అక్కడ బీమ్ 15 డిగ్రీల లోపే ఉంటుంది, 5 డిగ్రీల తప్పుకు దాదాపు ఒకటిన్నర డెసిబెల్ చెల్లించాలి.

లోపం ఏ అంచెలో ఉంది

కింద గదిలో ఒకరు, డాబా మీద ఒకరు ఉండాలి. ఇద్దరి మధ్య ఫోను. కంప్యూటర్‌ను పూర్తిగా పక్కన పెట్టి, ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌నూ కంట్రోలర్‌నూ కలిపేది) కేబులు ఊడదీసి, కంట్రోలర్ మీటల మీదే పని చేయండి. పైనున్న వ్యక్తిని దిక్కుల పేర్లు అడగవద్దు, కనబడే వస్తువులు అడగండి.

"తమ్ముడూ, తొంభై పెట్టాను. ఎటు చూస్తోంది?"

"నీళ్ల ట్యాంకుకు ఎడమ పక్కనున్న కొబ్బరి చెట్టు వైపన్నా."

ఈ జవాబుతో పని జరుగుతుంది. "తూర్పు వైపు" అంటే ఏ తూర్పో తేలదు.

0, 90, 180, 270 దగ్గర ఆపి, యాంటెన్నా ఎటు చూస్తోందో రాసుకోండి. ముల్లు తిరుగుతున్నా యాంటెన్నా కదలకపోతే, లేదా అన్ని కోణాల దగ్గరా ఒకే మొత్తంలో తేడా కనిపిస్తే, మాస్ట్ క్లాంపు జారిందని అర్థం. యాంటెన్నా చక్కగా తిరుగుతూ ముల్లు మాత్రం ఎగిరిపడితే పొటెన్షియోమీటరునో (రొటేటర్ లోపల కోణాన్ని బట్టి మారే నిరోధం), దాని తీగలనో అనుమానించాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి, కోణం పెరిగే కొద్దీ తేడా పెరిగితే మీటరు స్కేలు తప్పింది. ముల్లూ యాంటెన్నా రెండూ ఏకీభవించి, కంప్యూటర్ తగిలించాక మాత్రమే తేడా వస్తే తప్పు ఇంటర్‌ఫేస్‌లో ఉంది. అన్నీ కుదిరినా పాసు (ఉపగ్రహం మన ఆకాశం దాటే ప్రయాణం) నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రమే సిగ్నల్ తప్పిపోతుంటే కంప్యూటర్ గడియారాన్నో పాతబడిన కక్ష్య వివరాలనో చూడాలి. దాని సంగతి తర్వాత.

తీగలు, మోటారు, పొటెన్షియోమీటరు

చెన్నైలో లోపాల్లో ఎక్కువ భాగం కనెక్టర్లలోనే దొరుకుతాయి. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి తీర ప్రాంతాల్లో మరీ. రొటేటర్ అడుగున ఉండే గుండ్రని కనెక్టరు విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే దాదాపుగా దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనరుతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, రబ్బరు తొడుగు లోపల సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడే ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పెంకుల్లా పడి నీరు జారిపోతుంది. రొటేటర్ అడుగున నీరు కారిపోవడానికి వదిలిన రంధ్రాలను మాత్రం టేపుతో గానీ సీలెంటుతో గానీ మూయవద్దు. లోపల చేరిన తేమ బయటికి పోయే దారి అదొక్కటే.

తర్వాత మల్టీమీటరు. కంట్రోలర్ ఆపి, ప్లగ్గు పీకి, వెనుక ఉన్న తీగలు విప్పి కొలవాలి. ఒక్కో రొటేటర్‌కు ఆరు తీగలు వస్తాయి. వాటిలో మూడు మోటారువి, మూడు పొటెన్షియోమీటరువి. మోటారు తీగల మధ్య కొన్ని ఓమ్‌లే ఉంటాయి. పొటెన్షియోమీటరు రెండు కొసల మధ్య దాదాపు 500 ఓమ్‌లు రావాలి, అది రొటేటర్ ఎక్కడున్నా మారకూడదు. మూడో తీగ కదిలే కాంటాక్టుది. దానికీ ఒక కొసకూ మధ్య నిరోధం కోణంతో పాటు మారుతుంది. చీటీలు పోయి ఏ తీగ ఏదో మరిచిపోయినవారికి కూడా ఈ గుర్తుతోనే అన్నీ పట్టుబడతాయి. మొదట కంట్రోలర్ చివర కొలిచి, అంకెలు తేడాగా ఉంటే డాబా ఎక్కి రొటేటర్ కనెక్టరు దగ్గరే మళ్లీ కొలవండి. కింద తప్పు, పైన ఒప్పు వస్తే లోపం కేబులుది. ఈ రెండో కొలత లేకుండా రొటేటర్ విప్పేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

పొటెన్షియోమీటరు అరిగిన చోటును పట్టుకోవడానికి డిజిటల్ మీటరు కంటే ముల్లున్న పాత మీటరే మేలు. రొటేటర్ మెల్లగా తిరుగుతుంటే మీటరు ముల్లు నునుపుగా పాకాలి. ఒకే చోట ప్రతిసారీ తుళ్లిపడితే అక్కడ ట్రాక్ అరిగిందనో మురికి పట్టిందనో తెలుసుకోవాలి. మురికి అయితే కొసల దాకా పదిసార్లు తిప్పితే కొంత సర్దుకుంటుంది. అరుగుదల అయితే మార్చడమే మార్గం.

మోటారు మూలుగుతూ తిరగకపోతే మొదట కెపాసిటర్‌ను చూడండి. ఈ ఏసీ మోటారుకు ఒక చుట్టులో కరెంటు దశ మారాలంటే కెపాసిటర్ కావాలి. అది ఎండిపోతే మోటారుకు బలం చాలదు. రెండు చేతులతో మాస్ట్‌ను కొంచెం తోసినప్పుడు కదిలిందంటే అనుమానం బలపడుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొత్తది కొనేటప్పుడు ధ్రువాలు లేని ఏసీ రకమే అడిగి తీసుకోండి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలెక్ట్రోలైటిక్ వేస్తే అది వేడెక్కి పగులుతుంది. కెపాసిటర్ బాగున్నా బలం చాలకపోతే తీగ సన్నమై ఉండవచ్చు. నాలుగంతస్తుల ఇంట్లో డాబా నుంచి గదికి 40 మీటర్ల కేబులు సులువుగా పడుతుంది. పొటెన్షియోమీటరుకు సన్నతీగ ఫర్వాలేదు, మోటారు తీగలు మాత్రం లావుగా ఉండాలి.

ఒకవైపే తిరిగి రెండోవైపు తిరగనని మొరాయిస్తే ఆ వైపు లిమిట్ స్విచ్‌నో (కొసన మోటారును ఆపే స్విచ్), కంట్రోలర్‌లో ఆ వైపు మీటనో చూడండి. మీట వదిలినా తిరుగుతూనే ఉంటే ఇంటర్‌ఫేస్‌లో రిలే అతుక్కుపోయింది. వెంటనే కరెంటు తీయండి, యాంటెన్నా కేబుళ్లు తెగే దాకా ఆగవద్దు. పరీక్షల పేరుతో మోటారును ఆపకుండా ఐదు నిమిషాలకు మించి తిప్పవద్దు. ఈ మోటార్లు ఎడతెగని పనికి చేసినవి కావు.

మాట్లాడటానికి మైకు నొక్కగానే ముల్లు కదిలితే మీ ట్రాన్స్‌మిటర్ శక్తే రొటేటర్ తీగల్లోకి చొరబడుతోందన్నమాట. కంట్రోలర్ దగ్గర తీగలన్నీ కలిపి ఫెరైట్ రింగులోంచి నాలుగైదు చుట్లు తిప్పండి. పొటెన్షియోమీటరు తీగల నుంచి గ్రౌండుకు 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు పెట్టండి. సాధారణంగా దీంతోనే లొంగుతుంది.

మీటరు స్కేలు

కరెంటు లేనప్పుడు మీటరు ముల్లు సరిగ్గా ఎడమ కొస గీత మీద ఉండాలి. లేకపోతే ముఖం మీది చిన్న స్క్రూతో తేవాలి. తర్వాత కరెంటు వేసి, రొటేటర్‌ను ఎడమవైపు ఆగేదాకా తిప్పండి. అదే దాని సొంత సున్నా. మాస్ట్‌కూ రొటేటర్ ఒంటికీ కలిపి సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఇప్పుడు కుడివైపు ఆగేదాకా తిప్పితే ఆ గీత ఒక పూర్తి చుట్టు చుట్టి ఇంకో పావు చుట్టు దాటాలి. అలా దాటితే 450 డిగ్రీలూ తిరిగినట్టే. కంట్రోలర్ వెనుక ఉన్న ఫుల్ స్కేల్ సర్దుబాటుతో ముల్లును 450 మీదికి తెండి. మళ్లీ ఎడమ కొసకు పోయి సున్నా చెడలేదని చూడండి. ఎలివేషన్‌కూ ఇదే వరస, అక్కడ కొసలు 0, 180.

కంప్యూటర్‌కు పోయే వోల్టేజీని కూడా రొటేటర్ కుడి కొస దగ్గర ఉన్నప్పుడే సర్దుకోవాలి. వెనుక ఉన్న ఎనిమిది పిన్నుల సాకెట్‌లో 6వ పిన్ను అజిమత్‌ది, 1వది ఎలివేషన్‌ది, 8వది గ్రౌండు. 450 డిగ్రీల దగ్గర 4.5 వోల్టులు వచ్చేలా పెడితే డిగ్రీకి 10 మిల్లీవోల్టులు. ఆర్డుయినోలో వోల్టేజీని అంకెగా మార్చే 10-బిట్ కన్వర్టర్ 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది, మెట్టుకు 4.9 మిల్లీవోల్టులు. అంటే డిగ్రీకి రెండు మెట్లే. ఈ తీగలో 50 మిల్లీవోల్టుల రొద చేరితే 5 డిగ్రీలు ఊగుతుంది. తెర మీద అంకె నిలకడగా లేనప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సిన లెక్క ఇది. ఆ పిన్ను నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కోడ్‌లో పదహారు రీడింగుల సగటు, చాలావరకు ఊగడం ఆగిపోతుంది.

మాస్ట్ నిలువు, ఎలివేషన్ సున్నా

మాస్ట్ 2 డిగ్రీలు ఒరిగితే ఎలివేషన్ ఒక దిక్కున 2 డిగ్రీలు ఎక్కువ, ఎదురు దిక్కున 2 డిగ్రీలు తక్కువ అవుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ సర్దుబాటూ దీన్ని తీర్చలేదు. మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే గుండుతో రెండు పక్కల నుంచి, ఒకదానికొకటి లంబంగా, మాస్ట్ నిలువు చూడండి. ఆపైన ఎలివేషన్‌ను సున్నా దగ్గర పెట్టి, బూమ్ (ఎలిమెంట్లను మోసే పొడవాటి గొట్టం) మీద రసమట్టం ఉంచి, నాలుగు దిక్కులకూ తిప్పి చూడండి. బుడగ నాలుగు చోట్లా నడిమధ్యనే ఉంటే మాస్ట్ బాగుంది. నాలుగు చోట్లా ఒకే వైపు, ఒకే మేరకు జరిగితే ఎలివేషన్ క్లాంపు వదులు చేసి బూమ్‌ను మట్టానికి తెచ్చి బిగించండి. దిక్కును బట్టి బుడగ అటూ ఇటూ పోతే తప్పు మాస్ట్‌ది.

45, 90 దగ్గర కూడా ఫోనులోని కోణమాపక యాప్‌ను బూమ్‌కు ఆనించి ఒకసారి కొలవండి. రెండు యాగీల బరువు అడ్డ బూమ్‌కు ఒకే పక్క ఎక్కువైతే గేర్ల మధ్య ఖాళీ వల్ల కోణం ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా ఉంటుంది. ఎదురు బరువు కట్టి తూకం కుదర్చడం దీనికి మందు.

ఉత్తరం ఎక్కడుంది

ఈ ఒక్క పనికే ఎక్కువ సమయం కేటాయించమని నా సలహా. మిగతావన్నీ బాగున్నా ఇది తప్పితే ప్రతి పాసూ తప్పుతుంది.

దిక్సూచిని డాబా మీద నమ్మవద్దు. చెన్నైలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూ మాత్రమే, అది మనకు లెక్కలోకి రాదు. అసలు ఇబ్బంది స్లాబులోని ఇనుప ఊచలది, ఉక్కు మాస్ట్‌ది, నీళ్ల ట్యాంకు స్టాండుది. ఫోనును పిట్టగోడ మీద ఒక అడుగు జరిపితే ముల్లు పది డిగ్రీలు మారే డాబాలు ఎన్నో ఉన్నాయి. ధ్రువ నక్షత్రం ఇక్కడ దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన ఎత్తయిన భవనాలు లేనివారికే అది దక్కుతుంది. శ్రీహరికోట ఇక్కడికి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో దాదాపు ఉత్తరానే ఉంది. రాకెట్ పైకి లేచినప్పుడు చెన్నై డాబాల నుంచి కనిపించే పొగచారను చూసి ఉత్తరం ఎటో ఉజ్జాయింపుగా గుర్తు పెట్టుకోవచ్చు. 2005 మే 5న మన హ్యాముల కోసం ఇస్రో పంపిన హ్యామ్‌శాట్ కూడా పీఎస్‌ఎల్‌వీ-సీ6లో అక్కడి నుంచే వెళ్లింది. సర్దుబాటుకు మాత్రం ఇంతకంటే కచ్చితమైనది కావాలి, అది సూర్యుడు.

ఇక్కడొక హెచ్చరిక. మధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఉత్తరానికి పడుతుందన్న బడి పాఠం చెన్నైలో ఏడాదంతా పనికిరాదు. ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. మే నెలలో ఆ పాఠాన్ని నమ్మి మాస్ట్ బిగించారంటే యాంటెన్నా ఏకంగా 180 డిగ్రీలు తిరగబడుతుంది. పైగా మన సూర్య మధ్యాహ్నం గడియారంలో 12 గంటలకు రాదు. నవంబరు మొదట్లో 11:52 ప్రాంతంలో, ఫిబ్రవరిలో 12:23 ప్రాంతంలో వస్తుంది.

అందుకే మధ్యాహ్నం జోలికి పోవద్దు. సూర్యుడు 20 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండే ఉదయం ఏడున్నర-తొమ్మిది మధ్య గానీ, సాయంత్రం మూడు-నాలుగున్నర మధ్య గానీ పని పెట్టుకోండి. ఫోనులో స్టెల్లేరియం (ఆకాశపటం చూపే యాప్) తెరిచి, మీ డాబా అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, సూర్యుడి అజిమత్, ఎత్తు చూడండి. కంట్రోలర్‌ను సరిగ్గా ఆ అంకెల మీద పెట్టండి. ఇప్పుడు యాంటెన్నాకు సూర్యుడి ఎదురు పక్కన, అంటే నీడ పడే చోట, నేల మీద చూడండి. బూమ్ వెంట ఎప్పుడూ కళ్లు పెట్టి చూడకూడదు. చూపు పోతుంది.

నీడ ఏం చెబుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. యాంటెన్నా సూర్యుడి వైపు లేనప్పుడు బూమ్ నీడ పొడవాటి పట్టీలా పడుతుంది, దాని మీద ఎలిమెంట్ల నీడలు విడివిడిగా దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. యాంటెన్నా సూటిగా అయ్యే కొద్దీ ఆ పట్టీ పొట్టిదవుతుంది, ఎలిమెంట్ల నీడలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. పూర్తిగా సూటి అయినప్పుడు బూమ్ నీడ దాని అడ్డకోత అంత చిన్న మచ్చగా మిగులుతుంది. 3 మీటర్ల బూమ్ ఒక్క డిగ్రీ తప్పినా, వెలుగుకు అడ్డంగా పట్టిన అట్ట మీద ఆ మచ్చ 5 సెంటీమీటర్లు సాగుతుంది. కంటికి తేలిగ్గా కనిపించే తేడా ఇది. ఎలిమెంట్ల నీడలు మాత్రం పలచగా ఉంటాయి. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కావడం వల్ల 5 మిల్లీమీటర్ల కడ్డీకి అర మీటరు దూరం దాటితే గట్టి నీడ ఉండదు. నేల మీద అవి దొరక్కపోతే వెనుక కొసకు దగ్గరగా తెల్ల అట్టముక్క పట్టి వెనుక ఉన్న రెండు మూడు ఎలిమెంట్లనూ బూమ్‌నూ చూస్తే చాలు. ముందు వాటి కోసం వెతకవద్దు.

నీడ సాగి ఉంటే మాస్ట్ క్లాంపు బోల్టులు కాస్త వదులు చేసి, మాస్ట్‌ను చేతితో మెల్లగా తిప్పి, నీడ మచ్చ అయిన చోట బిగించండి. రొటేటర్ కదలకూడదు, మాస్ట్ మాత్రమే దానిలో తిరగాలి. ఆకాశంలో సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంటాడు. బోల్టులతో పెనుగులాడుతూ పది నిమిషాలు గడిస్తే అంకెలు కొత్తగా పెట్టి మళ్లీ చూడాలి. బోల్టులను ఒకదాన్నే చివరిదాకా బిగించక నాలుగింటినీ వంతులవారీగా బిగిస్తే మాస్ట్ పక్కకు జరగదు.

ఉదయం సరిచేసినదాన్ని సాయంత్రం పడమటి సూర్యుడితో సరిచూడండి. రెండు పూటలా కుదిరితే పని అయినట్టే. ఒక పూట కుదిరి ఇంకో పూట తప్పితే స్కేలునో మాస్ట్ నిలువునో మళ్లీ చూడాలి, క్లాంపును ముట్టుకోకూడదు.

మబ్బు పట్టిన నవంబరులో సూర్యుడు దొరకకపోతే దూరపు గుర్తు ఒకటి ఎంచుకోండి. మెరీనా లైట్‌హౌస్, అన్నా సాలైలోని ఎల్‌ఐసీ భవనం, సెయింట్ థామస్ మౌంట్, మీకు కనబడేది ఏదైనా సరే. మ్యాపులో మీ డాబాకూ దానికీ అక్షాంశాల తేడా, రేఖాంశాల తేడా తీసుకుని, రేఖాంశాల తేడాను 0.974తో గుణించి, దాన్ని అక్షాంశాల తేడాతో భాగించి, విలోమ టాంజెంట్ తీస్తే దిక్కు వస్తుంది. గుర్తు మీకు 0.0200 డిగ్రీలు తూర్పున, 0.0150 డిగ్రీలు ఉత్తరాన ఉందనుకుంటే అజిమత్ 52.4 డిగ్రీలు. లెక్కలు వద్దనుకుంటే గూగుల్ ఎర్త్‌లోని రూలర్ దిక్కును నేరుగా చూపుతుంది. గుర్తు కనీసం రెండు కిలోమీటర్ల దూరంలో ఉండాలి.

కంప్యూటర్

ఇప్పుడు ఇంటర్‌ఫేస్ కేబులు తగిలించండి. చాలా ఇంటర్‌ఫేస్‌లు జీఎస్-232 అనే కమాండ్ల భాష మాట్లాడతాయి. అందులో ఏ, బీ అని రెండు రకాలున్నాయి, వాటి జవాబుల రూపు వేరు. రొటేటర్‌ను కంప్యూటర్ నుంచి నడిపే హ్యామ్‌లిబ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ రకానికి 601, బీ రకానికి 603 మోడల్ నంబరు. తప్పు నంబరు ఇస్తే రొటేటర్ తిరగవచ్చు గానీ కోణాలు వెనక్కి రావు. జీప్రెడిక్ట్ లాంటి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ తెరవక ముందే హ్యామ్‌లిబ్‌లోని రోట్‌సీటీఎల్‌తో నేరుగా ఒక కోణం పంపి, వెనక్కి వచ్చిన కోణాన్ని మీటరుతో పోల్చండి. 0, 90, 180, 270, 360, 450 దగ్గర పోల్చి, తేడా ఉంటే ఇంటర్‌ఫేస్ సొంత ఆఫ్‌సెట్, ఫుల్ స్కేల్ కమాండ్లతో దిద్దండి. జీఎస్-232లో అజిమత్‌కు అవి ఓ, ఎఫ్. ఎలివేషన్‌కు ఓ2, ఎఫ్2. ఈ దశలో దిద్దాల్సింది కంప్యూటర్‌కూ మీటరుకూ ఉన్న తేడా మాత్రమే.

ఆర్డుయినో వాడేవారికి ఒక మాట. సీరియల్ పోర్టు తెరవగానే బోర్డు రీసెట్ అవుతుంది, రెండు సెకన్ల పాటు ఏ కమాండూ వినదు. మొదటి కమాండుకు జవాబు రాలేదని కేబులు మార్చకండి.

జీప్రెడిక్ట్‌కు హ్యామ్‌లిబ్ సర్వర్ రోట్‌సీటీఎల్‌డీ 4533 పోర్టులో దొరుకుతుంది. స్టేషన్ స్థానం చెన్నై నడిబొడ్డుకు ఎన్‌కే03 గ్రిడ్‌లోకి (హ్యాములు స్థానం చెప్పుకునే మ్యాపు గడిలోకి) వస్తుంది, అయినా మీ డాబా అక్షాంశ రేఖాంశాలే ఇవ్వండి. ఎంత తేడా వస్తే రొటేటర్ కదలాలన్న పరిమితిని 4 లేదా 5 డిగ్రీలు పెట్టండి. ఒకటి పెడితే మోటారు క్షణక్షణం ఆగుతూ కదులుతూ గేర్లను అరగదీస్తుంది, యాగీకి దానివల్ల కలిసొచ్చేదేమీ లేదు.

గడియారం విషయం ముందు వాయిదా వేశాను. అంతరిక్ష కేంద్రం దాదాపు 420 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు 7.6 కిలోమీటర్లకు పైగా పోతుంది. నడినెత్తిన ఉన్నప్పుడు మన కంటికి అది సెకనుకు ఒక డిగ్రీ కదులుతుంది. కంప్యూటర్ గడియారం 10 సెకన్లు తప్పితే అక్కడ 10 డిగ్రీలు తప్పినట్టు. అదే దిగంతం దగ్గర అయితే తేడా తెలియనంత. ఎత్తయిన పాసుల్లోనే తప్పు కనిపించడానికి కారణం ఇదే. గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో కలపండి, సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్ నుంచి కక్ష్య వివరాలు తాజాగా తెచ్చుకోండి. అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడూ ఇంజన్లు మండించి కక్ష్య మార్చుకుంటుంది కాబట్టి దానికి పాత వివరాలు త్వరగా పనికిరాకుండా పోతాయి.

ఉత్తరం దాటే పాసులు

రొటేటర్‌కు సున్నా ఉత్తరాన ఉంది కదా, అక్కడే దాని గోడ. ధ్రువ కక్ష్యల ఉపగ్రహాలు మనకు ఉత్తర దక్షిణాలుగా పోతాయి కాబట్టి పాసు మొదట్లోనో చివర్లోనో ఆ గోడ తగులుతుంది. ఉత్తర ఈశాన్యంలో 10 డిగ్రీల దగ్గర మొదలై పడమటి పక్కగా దక్షిణానికి దిగే పాసు తీసుకోండి. అజిమత్ 10 నుంచి 0కు, అక్కడి నుంచి 350, 270, 195 అని తగ్గుతూ పోతుంది. దీన్ని 10 దగ్గర కాకుండా 370 దగ్గర మొదలుపెడితే ఎక్కడా ఆగకుండా కిందికి దిగుతుంది. 450 డిగ్రీల దాకా తిరగగల శక్తి ఇందుకే. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకుంటోందా, లేక 360 దగ్గరే ఆగిపోతోందా అని చూసుకోండి. ఆగిపోతుంటే పాసు మధ్యలో రొటేటర్ ఒక నిమిషానికి పైగా వెనక్కి చుట్టుకుంటూ ఉంటుంది, ఆ నిమిషం పాటు మీకు సిగ్నల్ ఉండదు. దక్షిణం నుంచి తూర్పు పక్కగా పైకి వెళ్లి 350 దగ్గర ముగిసే పాసుకు మాత్రం ఈ ఉపాయం చాలదు. 160తో మొదలైన చోట 520 కావాలి, అది రొటేటర్‌లో లేదు. అక్కడ ఎలివేషన్ 180 దాకా వంగగలదన్న సంగతి ఆదుకుంటుంది. అజిమత్‌కు 180 కలిపి, ఎలివేషన్‌ను 180 నుంచి తీసేస్తే యాంటెన్నా వెనక్కి వాలి అదే చోటును చూస్తుంది.

సరిగ్గా నెత్తి మీదుగా పోయే పాసులో అజిమత్ కొన్ని సెకన్లలో 180 డిగ్రీలు తిరగాలి. రొటేటర్ సెకనుకు సుమారు ఐదారు డిగ్రీలే తిరుగుతుంది, వెనుకబడుతుంది. దీన్ని లోపమని విప్పుకోవద్దు. 80 డిగ్రీల ఎత్తులో అజిమత్ 30 డిగ్రీలు తప్పినా ఆకాశంలో నిజంగా తప్పేది 5 డిగ్రీలే.

ఆకాశం మీద పరీక్ష

ఆర్ఎస్-44 ఉపగ్రహపు బీకన్ (దాని గుర్తింపు సిగ్నల్) 435.605 మెగాహెర్ట్జ్ దగ్గర మోర్స్‌లో వినిపిస్తుంది, పాసు కూడా నిదానంగా సాగుతుంది. 20 నుంచి 40 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ట్రాకింగ్ ఆపి, చేతి మీటతో అజిమత్‌ను 20 డిగ్రీలు ఎడమకు, తర్వాత అంతే కుడికి తిప్పండి. రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు రెండు వైపులా దాదాపు ఒకే మేరకు పడితే దిక్కు కుదిరింది. ఉపగ్రహం తన చుట్టూ తాను దొర్లుతుంటుంది కాబట్టి సిగ్నల్ దానంతటదే ఎక్కి దిగుతుంది. ఒక్కసారి చూసి తీర్మానించకుండా రెండు మూడు పాసుల్లో, తూర్పు పాసులోనూ పడమటి పాసులోనూ, చూడండి. ఈ పరీక్షలో తేడా వస్తే సాఫ్ట్‌వేర్ వైపు కాదు, రసమట్టం పట్టుకుని డాబా వైపు నడవండి.

ఈశాన్య రుతుపవనాలకు ముందు, అంటే సెప్టెంబరు చివర్లో, క్లాంపు బోల్టులు బిగించి సుద్దగీత స్థానంలో పెయింటు గీత పెట్టండి. గాలివాన వెలిశాక ఆ గీత విడిపోయి కనిపిస్తే ఏం జారిందో నిచ్చెన ఎక్కకుండానే తెలుస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం యాంటెన్నాలను దించేయండి. 2016 డిసెంబరు 12న వర్దా తీరం దాటినప్పటి గాలిని చెన్నైలో ఉన్నవారికి గుర్తుచేయనక్కర లేదు.